నడకలోనూ మెట్రోలోనూ చిన్న రేడియో: స్టేషన్ నిలకడగా వినిపించాలంటే ఏం చేయాలి?

ప్రశ్న అడిగినవారు: మియాపూర్ శ్రోత

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో మియాపూర్ దగ్గర ఉంటాను. తెల్లవారుతూనే చెరువు గట్టు మీద నడక, ఆ తరువాత మియాపూర్ నుంచి అమీర్‌పేట వరకూ, అక్కడ రైలు మారి రాయదుర్గం వరకూ మెట్రో ప్రయాణం నా దినచర్య. ఈ రెండు వేళల్లోనూ రేడియో వినడం నాకెంతో ఇష్టం. నడిచేటప్పుడు 738 కిలోహెర్ట్జ్ మీద ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రం భక్తి సంగీతం, వార్తలు వింటాను. రైలులో 101.9 రెయిన్‌బో గాని, 102.8 వివిధ భారతి గాని పెట్టుకుంటాను. ఇవన్నీ ఫోన్‌లో యాప్ ద్వారా కూడా వస్తాయని నాకు తెలుసు. అయితే ఫోన్ చేతిలో ఉంటే నడక మధ్యలో సందేశాలు చూడటం, జవాబులు రాయడం మొదలవుతుంది గనుక, ఆ కాసేపైనా ఫోన్‌ను ఇంట్లో వదిలి వెళ్లాలని నియమం పెట్టుకున్నాను. అందుకే విడిగా రేడియో పట్టుకుని తిరుగుతున్నాను.

ప్రస్తుతం నా దగ్గర రెండు సెట్లు ఉన్నాయి. మొదటిది అరచేతిలో ఇమిడేది, రెండు పెన్సిల్ సెల్లతో నడిచేది, పక్కనున్న చక్రం తిప్పి స్టేషన్ పట్టుకోవలసినది. రెండవది డల్లాస్‌లో ఉన్న మా అక్కయ్య సెలవులకు వచ్చినప్పుడు తెచ్చి ఇచ్చినది. అంకెలు కనిపించే చిన్న డిజిటల్ సెట్టు.

ఇబ్బందులు ఇవి. చక్రం సెట్టులో ఎఫ్.ఎం. పెట్టుకుని నడుస్తుంటే, ఇయర్‌ఫోన్ తీగను చేత్తో పట్టుకున్నంతసేపు చక్కగా వినిపించి, వదలగానే బుస్సుమని హోరు మొదలవుతుంది. అదే సెట్టులో మీడియం వేవ్ చేతిలో ఉన్నప్పుడు గట్టిగా, జేబులో వేసుకుంటే నీరసంగా వస్తుంది. గట్టు మీద మలుపు తిరిగినప్పుడల్లా కూడా తేడా తెలుస్తుంది. డల్లాస్ సెట్టులో అయితే 102.8 అన్న అంకె మీద అది ఆగనే ఆగదు. బొత్తాం నొక్కితే 102.7 నుంచి నేరుగా 102.9కి దూకుతుంది. మీడియం వేవ్‌లో 738 బదులు 740 చూపిస్తుంది, మాట కీచుగా వస్తుంది. ఇక మెట్రో పెట్టెలో ఏ సెట్టు పెట్టినా ధ్వని రెపరెపలాడుతుంది.

కొత్త సెట్టు కొనడమే మార్గమా, లేక ఉన్నవాటితోనే సర్దుకోవచ్చా? రోడ్డు దాటేటప్పుడు రెండు చెవులూ మూసుకుని వెళ్లవద్దని మా ఆవిడ గట్టిగా చెబుతోంది. ఆ మాట సబబుగానే ఉంది కనుక దానికి తగిన ఏర్పాటు కూడా సూచించగలరు.

జవాబు: కృష్ణాతీరం (విజయవాడ)

మియాపూర్ శ్రోత గారికి నమస్కారం. మా కుటుంబానికి రేడియో మరమ్మతుల దుకాణం ఉండేది. ఇప్పటికీ ఉదయం కరకట్ట మీద నడకకు జేబు రేడియో లేకుండా వెళ్లను. మీరు కొత్త సెట్టు గురించి ఆలోచించే ముందు, ఉన్న సెట్టు మీ ఒంటిమీద ఎక్కడ, ఏ తీరున ఉంటోందో చూడాలి. బల్లమీది రేడియోకు ఏరియల్ ఒకచోట నిలిచి ఉంటుంది. మనతో నడిచే రేడియోకు ఏరియల్ మనతో పాటే ఊగుతుంది, వంగుతుంది, చెమటకు తడుస్తుంది. మీరు చెప్పిన వాటిలో సగానికి పైగా ఇబ్బందులు అక్కడి నుంచే పుడుతున్నాయి.

ముందుగా ఎఫ్.ఎం. సంగతి చూద్దాం. 101.9 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు మూడు మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే 73 సెంటీమీటర్ల చిల్లర, నిటారుగా నిలిచిన తీగ ఉంటే చాలు, ఆ తరంగాన్ని చక్కగా పట్టుకుంటుంది. పెద్ద సెట్లలో బయటకు లాగే పుల్ల ఏరియల్‌కు అంత పొడవు ఉండటానికి కారణం అదే. జేబు సెట్టులో ఆ పుల్లకు చోటుండదు కాబట్టి, ఇయర్‌ఫోన్ తీగనే ఏరియల్‌గా వాడుకునేలా లోపలి సర్క్యూట్ కడతారు. చెవిలో పెట్టుకునేందుకు మాత్రమే ఆ తీగ ఉందనుకుని, మిగిలినదంతా సెట్టు చుట్టూ చుట్టి జేబులో వేసుకుంటే, ఏరియల్‌ను చుట్టచుట్టి పక్కన పెట్టినట్లే. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టుకునేవారికి ఎఫ్.ఎం. సరిగా రాకపోవడానికి కారణం కూడా ఈ తీగ లేకపోవడమే.

తీగను చేత్తో పట్టుకుంటే బాగా వస్తోందని రాశారు. పట్టుకున్నంతసేపు మీ శరీరం కూడా ఏరియల్‌లో భాగమవుతోంది. వదలగానే ఆ లెక్క మారిపోతోంది. అంటే మీ తీగ ఒక్కటే తగినంత సిగ్నల్ అందుకోవడం లేదన్నమాట. సెట్టును నడుము దగ్గర, బెల్టుకో ప్యాంటు జేబు అంచుకో తగిలించి, అక్కడి నుంచి తీగను చొక్కా పైన, లోపల కాదు, నిటారుగా మెడ వరకూ తీసుకువెళ్లి, కాలరు దగ్గర చిన్న క్లిప్పుతో బిగించండి. తల తిప్పడానికి మెడ దగ్గర మాత్రం కొంచెం వదులు ఉంచితే చాలు. చెమట పట్టిన ఒంటికి అతుక్కుని ఉన్న తీగ అందుకునే సిగ్నల్‌లో చాలా భాగాన్ని శరీరమే పీల్చేస్తుంది కనుక చొక్కా పైన అని ప్రత్యేకంగా చెబుతున్నాను. సెట్టును ఛాతీ జేబులో పెడితే చెవికీ సెట్టుకూ మధ్య తీగ పొడవు తగ్గిపోయి, మిగిలినది గుత్తిగా వేలాడుతుంది. నడుము దగ్గర పెట్టమనడం అందుకే.

ఇలా చేసిన తరువాత కూడా ఇళ్ల మధ్య నడిచేటప్పుడు ధ్వని ఒక అడుగులో తేటగా, ఆపై అడుగులో మసకగా రావచ్చు. అది సెట్టు దోషం కాదు. ట్రాన్స్‌మిటర్ నుంచి నేరుగా వచ్చే తరంగం, గోడలకు తగిలి తిరిగి వచ్చే తరంగం ఒకదానితో ఒకటి కలిసినచోట సిగ్నల్ పెరుగుతుంది; ఒకదాన్నొకటి కొట్టేసుకున్నచోట తరుగుతుంది. ఈ ఎత్తుపల్లాలు సుమారు మీటరున్నర దూరంలో, అంటే రెండంగల్లోనే మారుతుంటాయి. సెట్టు మీద స్టీరియో (రెండు చెవులకూ వేరువేరు ధ్వని), మోనో (రెండిటికీ ఒకటే ధ్వని) అని మీట ఉంటే దాన్ని మోనోలో ఉంచండి. సిగ్నల్ తగ్గినప్పుడు హోరు ముందుగా స్టీరియో భాగంలోనే పైకి తేలుతుంది. మోనోకు మార్చగానే అది ఎంత అణిగిపోతుందో మీకే తెలుస్తుంది. వార్తలు, ప్రసంగాలు వినేవారికి దీనివల్ల పోయేదేమీ లేదు. పాత సినిమా పాటలు రికార్డయిందే మోనోలో కనుక వివిధ భారతి అభిమానులు కూడా చింతించనవసరం లేదు. హైదరాబాద్ లాంటి నగరంలో ఒక స్టేషన్ మీద మరొకటి ఎక్కి వినిపిస్తుంటే, లోకల్ (దగ్గరి స్టేషన్లకు), డీఎక్స్ (దూరపు స్టేషన్లకు) అనే మీటను లోకల్ వైపు తిప్పాలి. దగ్గరలో బలమైన ట్రాన్స్‌మిటర్లు ఉన్నచోట సెట్టుకు ఎక్కువ గ్రహణశక్తి ఉండటమే ఇబ్బంది.

మీడియం వేవ్ పద్ధతి పూర్తిగా వేరు. 738 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు నాలుగు వందల మీటర్లు దాటుతుంది. దానికి తగిన పుల్లగాని తీగగాని మన దగ్గర ఉండవు కనుక, సెట్టు లోపల నల్లటి ఫెర్రైట్ కడ్డీ మీద సన్నని రాగి తీగ చుట్టి ఏరియల్‌గా పెడతారు. ఇక్కడ ఇయర్‌ఫోన్ తీగ ఎలా ఉన్నా ఒకటే. కడ్డీ ఎటు తిరిగి ఉందన్నదే ముఖ్యం. కడ్డీ నేలకు సమాంతరంగా, దాని పక్క భాగం స్టేషన్ వైపు ఉండేలా ఉంటే ధ్వని గట్టిగా వస్తుంది. కడ్డీ కొన స్టేషన్ వైపు చూస్తుంటే బాగా తగ్గుతుంది. గట్టు మలుపులో మీకు కనిపిస్తున్న తేడా ఇదే. కడ్డీ నిలువుగా నిలబడితే దాదాపు పనిచేయదు. మీ చక్రం సెట్టు అడ్డంగా ఉండే రకమైతే కడ్డీ దాని పొడవు వెంట ఉంటుంది. దాన్ని నిలువుగా జేబులో దూర్చితే కడ్డీ కూడా నిలబడిపోయి ధ్వని నీరసిస్తుంది. నడుముకు అడ్డంగా కట్టుకునే చిన్న సంచిలో పడుకోబెట్టి చూడండి. నిలువు జేబుకే సరిపడే రేడియో కావాలంటే, నిలువుగా పట్టుకునే ఆకారంలో తయారై, కడ్డీ పై అంచు వెంట అడ్డంగా ఉండేది ఎంచుకోవాలి. సెట్టును నిటారుగా పట్టుకుని మెల్లగా చుట్టూ తిప్పుతూ వింటే ఆ సంగతి దుకాణంలోనే తేలిపోతుంది.

ఫోన్ ఉన్న జేబులోనే మీడియం వేవ్ రేడియో పెట్టుకుంటే గుర్రుమని శబ్దం వస్తుంది. ఎల్.ఇ.డి. వీధి దీపాల కిందా, ట్రాన్స్‌ఫార్మర్ పక్కనా అంతే. మీరు నడిచేది తీగలకు దూరంగా చెరువు గట్టు మీద కాబట్టి ఆ బాధ తక్కువే ఉండాలి. చలికాలంలో ఇంకా చీకటి ఉండగానే బయలుదేరితే మాత్రం మన స్టేషన్ వెనుక ఎక్కడివో దూరపు భాషలు వినిపిస్తాయి. రాత్రివేళ మీడియం వేవ్ తరంగాలు ఆకాశంలోని పొరకు తగిలి వందల కిలోమీటర్ల దూరం నుంచి దిగివస్తాయి. పొద్దు పొడిచాక కింద ఏర్పడే మరో పొర వాటిని పీల్చేస్తుంది. తూరుపు తెల్లబారుతున్న కొద్దీ ఆ దూరపు గొంతులు ఒక్కొక్కటిగా తప్పుకుని మన కేంద్రం ఒక్కటే తేటపడటం నడిచేవారికి మాత్రమే దక్కే అనుభవం. ఆ సమయంలో సెట్టు మార్చవలసిన పని లేదు.

జవాబు: ఎడిసన్ తెలుగు (న్యూజెర్సీ)

డల్లాస్ సెట్టు గురించి మాత్రమే రాస్తాను. ఇక్కడి నుంచి బంధువులకు రేడియోలు తీసుకువెళ్లే వారందరికీ ఈ సంగతి పనికొస్తుంది. అమెరికాలో ఎఫ్.ఎం. స్టేషన్లు 88.1, 88.3, 88.5 అంటూ చివర బేసి అంకె వచ్చేలా మాత్రమే ఉంటాయి. అందుకని ఇక్కడ అమ్మే చాలా డిజిటల్ సెట్లు 0.2 మెగాహెర్ట్జ్ చొప్పున గెంతుతాయి. 101.9 బేసి అంకె కనుక మీకు దొరుకుతుంది, 102.8 సరి అంకె కనుక దొరకదు. మీడియం వేవ్‌లో ఇక్కడ స్టేషన్ల మధ్య దూరం 10 కిలోహెర్ట్జ్, భారతదేశంలో 9. మీ 738, విజయవాడ 837, రెండూ తొమ్మిదితో భాగించబడే సంఖ్యలే. పది చొప్పున వెళ్లే సెట్టు వాటి బదులు 740 దగ్గర, 840 దగ్గర ఆగుతుంది. ఆ రెండు మూడు కిలోహెర్ట్జ్ తేడా వల్లనే మాట కీచుగా వినిపిస్తోంది. కడప కేంద్రం 900 మీద ఉంది. ఆ సంఖ్య రెండు లెక్కలకూ సరిపోతుంది కనుక అక్కడివారికి ఇదే సెట్టు మీడియం వేవ్‌లో ఏ ఫిర్యాదూ లేకుండా పనిచేస్తుంది.

అయినా ఆ సెట్టును పక్కన పడేయవద్దు. చాలా సెట్లలో ఈ గెంతును మార్చుకునే సదుపాయం ఉంటుంది. కొన్నింటిలో సెల్లు పెట్టే అర లోపల చిన్న మీట ఉంటుంది. కొన్నింటిలో సెట్టు ఆపి ఉన్నప్పుడు ఏదో ఒక బొత్తాన్ని కాసేపు నొక్కి ఉంచితే 9, 10 అని అంకెలు కనిపిస్తాయి. మరికొన్నింటిలో ప్రాంతం ఎంచుకోమని అడుగుతుంది. అక్కడ ఐరోపా అని ఎంచుకుంటే భారతదేశానికి కూడా సరిపోతుంది. సెట్టుతో వచ్చిన చిన్న పుస్తకంలో ఇది తప్పక ఉంటుంది, మీ అక్కయ్య గారిని అడిగి చూడండి. ఇలా మార్చగానే ముందు దాచుకున్న స్టేషన్లు చెరిగిపోవడం మామూలే, మళ్లీ పెట్టుకోవాలి.

మార్చే వీలు లేని సెట్టు అయితే దానికి మీడియం వేవ్ పని అప్పగించకుండా 101.9కి, బేసి అంకెల మీద ఉన్న ఇతర ఎఫ్.ఎం. స్టేషన్లకు వాడుకోండి. ఇక్కడి సెట్లలో వాతావరణ హెచ్చరికల కోసం 162 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక ప్రత్యేక బ్యాండు ఉంటుంది. దాన్ని చూసి ముచ్చటపడి ఎక్కువ డబ్బు పెట్టి కొని పంపేవారున్నారు. ఆ ప్రసారాలు మన దేశంలో లేవు కనుక ఆ ఖర్చు అనవసరం. చక్రం తిప్పే సెట్లకు ఈ గెంతుల గొడవే లేదు. ఏ దేశంలో కొన్నా ముల్లు మీకు కావలసిన చోట ఆగుతుంది. జపాన్‌లో అక్కడివారి కోసమే తయారైన పాత సెట్లలో మాత్రం ఎఫ్.ఎం. 76 దగ్గర మొదలై 90తోనే ముగుస్తుంది. వాటిని తేవద్దు.

జవాబు: సాగరతీర (విశాఖపట్నం)

మీ ఆవిడ గారి మాట గురించి రాద్దామని వచ్చాను. వినికిడి పరీక్షలు చేయడం నా వృత్తి. బీచ్ రోడ్డులో నడక నా అలవాటు. రెండు వైపుల నుంచీ ఈ విషయం నాకు దగ్గరిదే.

రోడ్డు పక్కన కాలిబాట లేనిచోట, ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా కుడి అంచున నడవడం మంచిది. అప్పుడు వాహనాలన్నీ మీకు ఎడమ వైపు నుంచి వెళతాయి. కాబట్టి ఇయర్‌ఫోన్ కుడి చెవికి పెట్టుకుని, ఎడమ చెవిని పూర్తిగా వదిలేయండి. ఒక చెవితో వినేవారికి కృష్ణాతీరం గారు చెప్పిన మోనో మీట మరింత అవసరం. స్టీరియోలో ఒక వైపు ధ్వని అసలు వినిపించకుండా పోతుంది, పాటలో గొంతు ఉండి వాద్యాలు సగం మాయమవుతాయి. అన్నిటికంటే ముఖ్యంగా, వాడని రెండో ముక్కను కత్తిరించవద్దు, చుట్టి జేబులో పెట్టవద్దు. అది కూడా ఏరియల్‌లో భాగమే కనుక మెడ మీదుగా వదులుగా వేలాడనివ్వండి. చెవి రంధ్రాన్ని బిగుతుగా మూసే రబ్బరు మొనలవి ఇంట్లోనూ రైలులోనూ బాగుంటాయి. రోడ్డు మీద మాత్రం చెవి అంచున ఆనుకుని ఉండే పాత రకం మేలు. వెనుక నుంచి హారన్ కొట్టకుండా వచ్చే బ్యాటరీ స్కూటర్లు ఎక్కువైన ఈ రోజుల్లో ఇది చాదస్తం కాదు. రోడ్డు దాటేటప్పుడు ఆ ఒక్క చెవి నుంచి కూడా తీసేయండి. ద్విచక్ర వాహనం నడుపుతూ ఇయర్‌ఫోన్ పెట్టుకోవడం గురించి ఎవరైనా అడగబోతే, దానికి నా దగ్గర సర్దుబాటు సలహా ఏదీ లేదు, అది వద్దు.

ఇక ధ్వని మోతాదు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి సూచించిన పరిమితి, వారానికి 40 గంటలపాటు 80 డెసిబెల్స్. మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగానికి తగ్గించాలి. 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10, 89 దగ్గర 5 గంటలు మాత్రమే. నడకకే పరిమితమైతే ఈ లెక్క సాధారణంగా దాటదు. రైలు, బస్సు మోతను మించి వినిపించాలని మనకు తెలియకుండానే ధ్వని పెంచుతూ పోతాం. ప్రమాదం అక్కడ ఉంది. ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్నప్పుడు హాయిగా వినిపించే స్థాయి దగ్గర ధ్వని చక్రం మీద గోళ్లరంగుతో చిన్న చుక్క పెట్టుకోండి. ప్రయాణం ముగిశాక చక్రం ఆ చుక్క నుంచి ఎంత దూరం జరిగిందో చూస్తే, ఆ రోజు మీ చెవి మీద ఎంత భారం పడిందో తెలుస్తుంది. రైలులో చుక్క దాటకుండా వినిపించకపోతే, అక్కడ రబ్బరు మొనల ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. బయటి మోత తగ్గుతుంది కనుక ధ్వని పెంచవలసిన అవసరం రాదు.

సెట్టు ఎంపికలో ఒక మాట కలుపుతాను. లోపల బిగించిన బ్యాటరీ ఉన్న సెట్ల కంటే, ఏ కిరాణా కొట్టులోనైనా దొరికే పెన్సిల్ సెల్లతో నడిచేవి కొనండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా ఊరి మీదుగా తీరం దాటాక కరెంటు పోయింది, సెల్‌ఫోన్లు మూగబోయాయి. ఆ రోజుల్లో ఛార్జింగ్‌తో పని లేని రేడియో విలువ ఏమిటో ఇక్కడివారికి వేరే చెప్పనవసరం లేదు. రోజూ నడకలో వాడే సెట్టు అయితే అది పనిచేసే స్థితిలో ఉందో లేదో ఎప్పటికప్పుడు మనకు తెలుస్తూనే ఉంటుంది. బీరువాలో దాచిన సెట్టుకు ఆ భరోసా ఉండదు.

మియాపూర్ శ్రోత

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. అక్కయ్యకు ఫోన్ చేస్తే పుస్తకం ఫొటో తీసి పంపింది. సెట్టు ఆపి ఉన్నప్పుడు ఒక బొత్తాన్ని నొక్కి ఉంచితే 10 బదులు 9 కనిపించింది. దానితో పాటే ఎఫ్.ఎం. గెంతు కూడా 0.1కి మారింది. ఇప్పుడు 102.8 మీద సూటిగా ఆగుతోంది, 738 మీద మాట స్పష్టంగా ఉంది. ఈ సెట్టుకు బొత్తాలు బిగించే తాళం మీట కూడా ఉండటం వల్ల జేబులో రాపిడికి స్టేషన్ జరిగిపోవడం లేదు. అందుకని నడకకు దీన్నే ఎంచుకున్నాను. తీగను చొక్కా పైన క్లిప్పుతో బిగించాక గట్టు చివరి వరకూ ఎఫ్.ఎం.లో హోరు లేదు. చక్రం సెట్టును నడుము సంచిలో అడ్డంగా పడుకోబెట్టి మీడియం వేవ్ విన్నాను. మలుపు దగ్గర కొద్దిగా తగ్గినా మాట ఎక్కడా పోలేదు. సాగరతీర గారు చెప్పినట్లు కుడి చెవికి మాత్రమే పెట్టుకుంటున్నాను. మా ఆవిడ మీకు నమస్కారాలు చెప్పమంది.

రెండు సందేహాలు మిగిలాయి. మెట్రోలో రెపరెప తగ్గింది గాని పూర్తిగా పోలేదు. ఎత్తయిన భవనాల మధ్య నుంచి రైలు వెళ్లేటప్పుడు మరీ ఎక్కువ. మీడియం వేవ్ అయితే పెట్టెలో అడుగు పెట్టగానే ఆగిపోతుంది. దీనికి మార్గం ఉందా? రెండవది, చెమట వల్లనో ఏమో, ఇయర్‌ఫోన్ పిన్ను కదిలినప్పుడల్లా కరకరమని శబ్దం వస్తోంది.

కృష్ణాతీరం (విజయవాడ)

మెట్రోలో మీడియం వేవ్ మీద ఆశ వదులుకోవడమే మంచిది. నాలుగు వందల మీటర్ల తరంగం లోహపు పెట్టె లోపలికి రాలేదు. పైనున్న 25,000 వోల్టుల విద్యుత్ తీగ, పెట్టె కింది మోటార్లను నడిపే పరికరాలు చేసే రొద దానికి తోడు. ఎఫ్.ఎం. తరంగాలు పొట్టివి కనుక కిటికీ అద్దాల గుండా లోపలికి వస్తాయి. తలుపు అద్దం పక్కన నిలబడి, తీగ ఉన్న వైపు అద్దానికి దగ్గరగా ఉంచితే పెట్టె మధ్యలో కూర్చున్నప్పటి కంటే బాగా వినిపిస్తుంది. భవనాల మధ్య వచ్చే రెపరెప మీరు నడిచేటప్పటిదే; రైలు వేగం వల్ల సెకనుకు ఎన్నోసార్లు మారుతుంది కనుక అలా అనిపిస్తుంది. హైదరాబాద్ మెట్రో అంతా నేలకు పైనే నడుస్తుంది కాబట్టి ఇంతైనా వస్తోంది. సొరంగంలో వెళ్లే నగరాల్లో ఆ కొద్దిపాటి ధ్వని కూడా దొరకదు.

నియమం నడకకే గనుక రైలులో ఫోన్‌ను వాడుకోవడానికి మీకు అభ్యంతరం ఉండదనుకుంటాను. కొన్ని ఫోన్లలో ఎఫ్.ఎం. చిప్ ఉండి, తీగ ఇయర్‌ఫోన్ పెడితే ఇంటర్నెట్ లేకుండానే పనిచేస్తుంది. ఈ సదుపాయాన్ని మూసివేయకుండా ఫోన్లు తయారు చేయాలని కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ 2023లో తయారీదారులకు సూచించింది. అది చాలా మంచి సూచన, ఇంకా గట్టిగా అమలు కావాలని నా కోరిక. మీ ఫోన్‌లో అది లేకపోతే ఆకాశవాణి యాప్ ఉంది. 64 కిలోబిట్ల ప్రసారం గంటసేపు వింటే సుమారు 29 మెగాబైట్ల డేటా ఖర్చవుతుంది. ఇప్పటి ప్యాకేజీల్లో అది పెద్ద లెక్క కాదు. అయితే యాప్‌లో వచ్చేది అసలు ప్రసారం కంటే కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది కనుక వార్తల ముందు వచ్చే సమయ సంకేతాన్ని బట్టి గడియారం సరిచేసుకోవద్దు. ఆ పనికి జేబులోని రేడియోనే వాడండి.

కరకర శబ్దానికి కారణం పిన్ను మీద పేరుకున్న చెమట ఉప్పు. సెట్టు ఆపి, దూదిపుల్లను సర్జికల్ స్పిరిట్‌లో ముంచి బాగా పిండి, పిన్నునూ సెట్టులోని రంధ్రాన్నీ తుడిచి, ఆరిన తరువాత పెట్టండి. అప్పటికీ తగ్గకపోతే రంధ్రం లోపలి రేకు వదులైనట్లు. కోఠి గుజరాతీ గల్లీలో ఆ సాకెట్ విడిగా దొరుకుతుంది, టంకం వేయడం తెలిసినవారు కాసేపట్లో మార్చి ఇస్తారు. ఇకముందు ఈ బాధ రాకుండా ఉండాలంటే, జానెడు పొడవున్న ఎక్స్‌టెన్షన్ తీగ ఒకటి కొని, దాన్ని సెట్టుకు శాశ్వతంగా తగిలించి, మీ ఇయర్‌ఫోన్‌ను దాని చివర పెట్టుకోండి. రోజూ తీయడం, పెట్టడం, నడకలో గుంజడం, చెమట తగలడం అంతా ఆ చిన్న తీగ మీదే పడుతుంది. అరిగిపోతే దాన్ని మార్చుకుంటే సరిపోతుంది. ఆ జానెడు పొడవు ఎఫ్.ఎం. ఏరియల్‌కు కూడా కలిసివస్తుంది. వర్షాకాలంలో నడక మానేసే రోజులుంటే మాత్రం చక్రం సెట్టులోని సెల్లు తీసి విడిగా పెట్టండి. లోపలే ఉంచితే అవి కారి స్ప్రింగులను తినేస్తాయి.